నాగరత్నమ్మ పెట్టిన నీలం

గుత్తి బజారులో నాగరత్నమ్మ మ్యాచింగ్ సెంటర్‌కు బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. వాన రాకుండా గాలి మాత్రం వచ్చిపోయే ఏళ్ళలో ఒక ఏడు ఊడి కిందపడింది, మళ్ళీ పెట్టించలేదు. పెట్టించాల్సిన అవసరమేముంది? చేతిలో చీర పట్టుకుని బస్సు దిగిన ఆడమనిషి కనబడితే చాలు, సోడాబండివాడు అడక్కుండానే ఆ అంగడి వైపు చెయ్యి చూపిస్తాడు.

అంగడిలో ఉండేదంతా రవిక గుడ్డలు, లంగాలు, ఫాల్సు, దారపుండలు. కానీ ఏం రంగులనుకున్నారు! చిలకపచ్చలోనే లేతది, ముదురుది, రెండింటికీ మధ్యది. ఉల్లిపొర, వంకాయ, ఆనంద బ్లూ, రామా గ్రీన్. నాగరత్నమ్మ చీర కొంగును వేళ్ళ మధ్య ఒకసారి నలిపి చూసి, వెనక్కి తిరిగి, ఒకే ఒక్క గుడ్డ లాగుతుంది. రెండోది తీసి చూపించడం ఆమెకు నామోషీ. ఆ తర్వాత చీరనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మం దాటి ఎండలో నిలబడుతుంది. ట్యూబులైటు కింద రంగులు అబద్ధమాడతాయని ఆమె నమ్మకం. బట్టల కొట్లవాళ్ళంతా ఆ అబద్ధం మీదే బతుకుతారనీ, తాను మాత్రం ఎండ సాక్షిగా వ్యాపారం చేస్తాననీ మొహమాటం లేకుండా చెబుతుంది. గుత్తిలో నీళ్ళకు కరువు ఉండొచ్చు గానీ ఎండకు ఎప్పుడూ లేదు కాబట్టి ఆ పద్ధతి దివ్యంగా సాగుతూ వచ్చింది.

అయితే నిరుటి నుంచి నాగరత్నమ్మ కడుపులో ఒక భయం దాచుకుని తిరుగుతోంది. నేవీ బ్లూ గుడ్డా నల్లగుడ్డా పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అయిపోతున్నాయి. మొదట మిల్లువాళ్ళు రంగు మార్చారనుకుని వాళ్ళను తిట్టింది. తర్వాత ట్యూబులైటును తిట్టింది. చివరికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చూసినా తేడా తెలియకపోయేసరికి, తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. కంటికి పొర వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతే కోస్తారు. కోశాక చూపు వస్తుందని అందరూ అంటారు, కానీ ఏ రంగుతో వస్తుంది? ఇన్నేళ్ళు కంటికి నేర్పించిన రంగులన్నీ తారుమారైతే, ఈ వయసులో మళ్ళీ ఓనమాల నుంచి దిద్దాలా? పైగా నాగరత్నమ్మకు కన్ను పోయిందట అనే మాట ఒక్కటి బజారులో పడితే అంగడి మూసుకోవాల్సిందే. అందుకని నోరు మూసుకుంది. నేవీ బ్లూ ఏ అరలో ఉందో, నలుపు ఏ అరలో ఉందో గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తోంది. మొగుడికి కూడా చెప్పలేదు.

ఆ మొగుడు శేషయ్య. పప్పుల వ్యాపారం తమ్ముడికి అప్పగించి, మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉంటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఇంకో గ్లాసు నీళ్ళు తాగుతాడే తప్ప ఆ మాట అనడు. అలాంటివాడికి, ఫోనులో ఏవేవో చూస్తూ చూస్తూ, సముద్రం మీద మోజు పుట్టింది. సముద్రానికి పోవాలని కాదు. సముద్రాన్ని ముందుగదిలో, గాజుతొట్టిలో, పగడాలతో సహా పెట్టుకోవాలని!

ఇంటికి అడుగున్నర గాజుతొట్టి వచ్చింది. దాంతోపాటు సముద్రపు ఉప్పు బస్తా వచ్చింది. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. ఎదురింటి ముత్యాలప్పయితే అరుగు మీద కూర్చుని అందరికీ వినిపించేలా అన్నాడు. "బోరునీళ్ళల్లో ఉప్పు పోతే చాలని మనమంతా క్యాన్లు మోస్తాంటే, శేషయ్య క్యాను నీళ్ళు తెచ్చి మళ్ళా దాంట్లో ఉప్పు కలుపుతాండాడప్పా."

శేషయ్య నవ్వుతూ ఇంకో చారెడు ఉప్పు కలిపాడు. అసలు చిక్కు వీధిలో లేదు, వంటింట్లో ఉంది. చేపలు పెడితే వాటికి గడ్డకట్టిన రొయ్యల ముక్కలు వెయ్యాలట, అవి ఫ్రిజ్‌లో దాచాలట. పెరుగుగిన్నె పక్కన రొయ్యలు! వాళ్ళ ఇంట్లో వెల్లుల్లికే పండగపూట ప్రవేశం లేదు. నాగరత్నమ్మ ఆ మాట విని ఫ్రిజ్ తలుపు దగ్గర నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, అంతే. చేపలు అక్కడికక్కడే రద్దయిపోయాయి.

అనంతపురంలో ఆ తొట్టి అమ్మిన కుర్రవాడు హేమంత్ తెలివైనవాడు, ఫోనులోనే దారి చూపించాడు. చేపలు లేకుండా వట్టి మెత్తటి పగడాలే పెట్టుకోవచ్చన్నాడు. రాయిలా గట్టిపడే పగడాలను చట్టం ముట్టుకోనివ్వదనీ, ఇవి పెంపకంలో పిలకలేసిన మెత్తటి రకాలనీ చెప్పాడు. వాటి ఒంట్లోనే కంటికి కనబడని పాచి ఉంటుంది, ఆ పాచి వెలుతురును పట్టి తిండి వండిపెడుతుంది, అదే వాటికి ముఖ్యాహారం. నాగరత్నమ్మ మెడలో తాళి పక్కనున్న పగడాన్ని వేళ్ళతో తడుముకుని, ఇది దానికి ఏమవుతుందని అడిగింది. దూరపు చుట్టమన్నాడు హేమంత్. వెలుతురు తిని బతికే చుట్టమైతే ఇంట్లోకి రావచ్చని ఆమె ఒప్పుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. వెలుతురంటే తన శాఖ కాబట్టి, లైటు ఎంచడానికి అనంతపురం తానే వస్తానంది.

వచ్చింది కూడా. సంచీ నిండా రవిక గుడ్డలతో వచ్చింది.

హేమంత్ మూడు ఎల్ఈడీ లైట్లు తీసి చూపించాడు. మొదటిది వట్టి తెల్లది. చేపల్ని చూసుకోవడానికి బాగుంటుంది గానీ దాని కింద పగడం అర్ధాకలితో ఉంటుంది, నాచు మాత్రం బలుస్తుంది అన్నాడు. రెండోది పెద్దది. లోతైన తొట్లకు పనికొచ్చేది, మీ అడుగు నీళ్ళకు పెడితే నడిఎండలో నారు పోసినట్టే అన్నాడు. మూడోది మధ్యరకం, దానికి రెండు మరలు. ఒకటి తిప్పితే తెలుపు, ఒకటి తిప్పితే నీలం. పగడానికి కడుపు నింపేది ఎక్కువగా నీలమేననీ, తెలుపు మన కంటి సరదాకనీ, ఎన్ని వాట్లని చూసి మోసపోవద్దనీ విడమరిచి చెప్పాడు. ముఖ్యంగా ఒక మాట ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కొత్తగా పెట్టేవాళ్ళు రెండు మరలూ పావువంతు దగ్గర మొదలుపెట్టి, వారాల మీద మెల్లగా పెంచాలి. ఆత్రపడితే పగడం ముడుచుకుని పాలిపోతుంది.

శేషయ్య బుద్ధిగా విన్నాడు. నాగరత్నమ్మ వినలేదు. ఆమె అప్పటికే ఆ మూడో లైటు కింద నేవీ బ్లూ గుడ్డనూ నల్లగుడ్డనూ పక్కపక్కన పరిచి, మర తిప్పుతోంది. పావువంతులో రెండూ ఒకటే. సగంలో రెండూ ఒకటే. ఇంకా తిప్పింది. నీలం మర ఆఖరుకు వచ్చేసరికి, అమ్మయ్యా, నల్లగుడ్డ నల్లగా ఉండిపోయింది, నేవీ బ్లూ మాత్రం మేలుకుంది. ఏడాదయింది ఆ రంగును కళ్ళారా చూసి. పోగొట్టుకున్న నగ దొరికినట్టు ఆ గుడ్డను చేత్తో నిమిరింది.

"ఇదీ లైటంటే. ఇట్లనే పెట్టల్ల" అంది. హేమంత్ ఏదో చెప్పబోయాడు. శేషయ్య వాడి వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

తొట్టిలో నీళ్ళు కుదురుకున్నాక పగడాలు వచ్చాయి. గుండీలంత గుండ్రటి మూతులు, చుట్టూ సన్నటి కుచ్చులు. నాగరత్నమ్మ వాటిని మొదటిరోజు నుంచే గుండీలనే పిలిచింది. నీలం మర ఆఖరుకు తిప్పింది, ముట్టుకోవద్దని మొగుడికి చెప్పింది. ముందుగది కిటికీలోంచి వీధిలోకి నీలం కారిపోయింది. ఆ వెలుగులో శేషయ్య పంచె, గోడ మీది క్యాలెండరు, ప్లేటులో ఇడ్లీలు, అన్నీ నీలంగా ఉండేవి. ముత్యాలప్ప ఒకరోజు లోపలికి తొంగిచూసి, వీళ్ళింట్లో శివుడి గొంతు గానీ పగిలిందా అని అడిగిపోయాడు. నాగరత్నమ్మకు మాత్రం అది చక్కటి తెల్లటి వెలుతురు, అందులో చిన్న నీలపు జాడ. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇదివరకు కునుకు తీసేది. ఇప్పుడు కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంటోంది, ఒళ్ళో నేవీ బ్లూ గుడ్డ పెట్టుకుని.

గుండీలు మాత్రం విప్పుకోలేదు. వారం తిరిగేసరికి మూతులు బిగించుకుని, రంగు వెలిసి, రాయికి అంటుకుపోయాయి. శేషయ్య వాటి ముందు స్టూలు వేసుకుని గంటలకొద్దీ చూసేవాడు. హేమంత్‌కు ఫోటో పంపితే వెంటనే ఫోను వచ్చింది. నీలం అంత పెట్టమని ఎవరు చెప్పారంటూ వాడు కేకలు. శేషయ్య ఫోనును అరచేత్తో మూసి, వంటింటి వైపు చూసి, మళ్ళీ చెవికి పెట్టుకుని, తానే పెట్టానని చెప్పాడు.

అంగడిలో వ్యాపారం మాత్రం అదేం విచిత్రమో, మునుపటికంటే బాగుంది. ముఖ్యంగా బెళుగుప్ప వైపు నుంచి ఆడవాళ్ళు నేవీ బ్లూ చీరలు పట్టుకుని వస్తున్నారు. వచ్చినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, తిరుపాలమ్మకు ఇచ్చిన గుడ్డే ఇమ్మని. తిరుపాలమ్మది బెళుగుప్ప దగ్గర శనగచేను. నాగరత్నమ్మకు పాత గిరాకీ. ఆమెకు ఏ అరలోంచి ఇచ్చిందో నాగరత్నమ్మకు గుర్తుంది కాబట్టి, అదే అరలోంచి తీసి ఇస్తోంది. కన్ను పోతేనేం, అరలు గుర్తున్నంతకాలం తనకు ఢోకా లేదని లోలోపల కాస్త మురిసింది కూడా.

ఒకరోజు పొద్దున అంగడికి పోయాక కళ్ళజోడు మరిచిపోయానని తెలిసింది. మామూలుగా ఆ వేళకు ఇంటికి రాదు. వచ్చింది. చెప్పులు విడిచి ముందుగదిలో అడుగుపెట్టి ఆగిపోయింది. తొట్టిలో నీళ్ళు ఆమె కంటికి పలచటి టీ రంగులో ఉన్నాయి. నీలం అనేదే లేదు. ఆ టీ నీళ్ళలో గుండీలన్నీ బాహాటంగా విచ్చుకుని, కుచ్చులు ఆడిస్తూ, పెళ్ళికి ముస్తాబైనట్టు ఉన్నాయి. పక్కన స్టూలు మీద శేషయ్య. ఆమెను చూడగానే మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి లేచి, నీలం మరను గబగబా ఆఖరుకు తిప్పేశాడు. దొంగతనంలో దొరికిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

ఎన్నాళ్ళుగా సాగుతోంది ఈ నాటకం అని నిలదీసింది. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆమె అంగడికి పోగానే తగ్గించడం, అన్నానికి వచ్చే ముందు పెంచడం, మళ్ళీ పోగానే తగ్గించడం. గుండీలు చచ్చిపోతాయని హేమంత్ చెప్పినప్పటి నుంచీ ఇదే పని.

నాగరత్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎదురు చెప్పని మనిషి ఎదురు చెప్పకుండానే ఎదురు తిరిగాడు. నీలం ఎక్కువని నోటితో ఒక్కమాట అనడానికేమైంది అని అడిగింది. శేషయ్య ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపులో ఏదో ఉందని అప్పుడు తట్టింది ఆమెకు. నీలం అరలోంచి ఒకటి, నలుపు అరలోంచి ఒకటి తెచ్చుకున్న రెండు గుడ్డలు సంచీలోంచి తీసి ఆయన ముందు పరిచి, గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

"ఎండలో చూసి చెప్పండి. ఏది నీలం?"

శేషయ్య బయటికి పోలేదు. అక్కడే నిలబడి అన్నాడు. "రెండూ నల్లవే రత్నా. నువ్వు దినామూ ఒళ్ళో పెట్టుకునే గుడ్డ ఆ కుర్చీ మీద ఉండాది. అదీ నీలం."

నాగరత్నమ్మ ఆ గుడ్డను ఒళ్ళోకి తీసుకుని కుర్చీలో కూర్చుంది. ఆయనకు తెలుసు. నిరుడు తన పంచె అంచుకు నల్లదారం బదులు నీలందారం వేసి కుట్టినప్పుడే తెలుసట. అడిగితే నొచ్చుకుంటుందని అడగలేదు. ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ రెండూ పోయాక ఏడుపొచ్చింది.

"ఆ తొట్టి ముందర కూర్చుంటేనే నాకు నీలం కనపడతాండాది. ఇంక యాడా కనపడల్యా. అందుకే తగ్గించనీల్యా" అంది.

"అందుకే నేనూ తగ్గిస్తానని చెప్పల్యా" అన్నాడు శేషయ్య. "రెండు పూటలా రెండు వెలుతుర్లు అయినా గుండీలు బతుకుతాయిలే అనుకున్న్యా. నీకు కోపమొస్తే నేనెట్ల బతికేది?" అన్నాడు.

ఏడుస్తున్న మనిషికి నవ్వు రాకూడదు. వచ్చింది. అయితే ఆ నవ్వు పూర్తికాకముందే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. సంచీలోని ఆ రెండు గుడ్డల్లో ఒకటి నేవీ బ్లూ అరలోంచి తెచ్చింది. అర సర్దేటప్పుడే తాను రెండూ కలిపేసిందన్నమాట. అంటే తిరుపాలమ్మకు ఇచ్చింది నలుపు. బెళుగుప్ప ఆడవాళ్ళందరికీ ఇచ్చింది నలుపు. ఊరు ఊరంతటికీ తప్పు రంగు కట్టబెట్టింది, ఎండ సాక్షిగా!

ఇక ఆ రోజు మళ్ళీ అంగడికి పోలేదు. మరునాడే అనంతపురం బస్సెక్కింది. డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళకూ పొర ముదిరిందనీ, ముందు కుడికన్ను చేద్దామనీ అంది. రంగులు పోతాయా అని నాగరత్నమ్మ ఒకటే అడిగింది. పోవమ్మా, వస్తాయి, అందులో నీలం ముందు వస్తుంది అని డాక్టరమ్మ నవ్వింది. ఆపరేషను బల్ల మీద పడుకున్నప్పుడు అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. ఈమె బెళుగుప్ప ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంది.

కట్టు విప్పాక ఇంటికి వచ్చి నేరుగా తొట్టి ముందు నిలబడింది. పాత ఎడమకన్ను మూసుకుని కొత్త కుడికంటితో చూసి, అమ్మో అంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూసింది. అదే పాత తెల్లటి వెలుతురు, చిన్న నీలపు జాడ. మళ్ళీ కుడికన్ను. నీలం కళ్ళలోకి పొడుచుకొచ్చింది. చిన్నపిల్లలా ఒక కన్ను మార్చి ఒక కన్ను మూస్తూ ఎంతసేపు చూసిందో! ఆమె కోసం శేషయ్య ఆ పూట నీలం ఆఖరుకు పెట్టి ఉంచాడు.

ఇంత నీలంలో ఇన్నాళ్ళు అన్నం ఎట్లా తిన్నారని మొగుణ్ణి కోప్పడింది. అలవాటైపోయిందన్నాడాయన. తానే మర పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పింది. హేమంత్ చెప్పిన పావువంతు దగ్గర ఆపింది. గుండీలు కాసేపటికి ఒక్కొక్కటే విప్పుకున్నాయి. పచ్చటి మూతులు, చుట్టూ నారింజ కుచ్చులు. ఇంత రంగు పెట్టుకుని తన దగ్గర దాచిపెట్టారన్నమాట అని వాటినీ ఒకమాట అంది.

ఆ సంతోషం అంగడి తలుపు తీసేవరకే. అర చూసుకుంటే అనుకున్నట్టే ఉంది, నీలం అర నిండా నలుపు. కూర్చుని విడదీసి సర్దింది. నీలం చీర పట్టుకుని ఎవరైనా వస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. తప్పయిందని చెప్పాలి, గుడ్డలు మార్చి ఇవ్వాలి. చెప్పాక ఆ నోరూ ఈ నోరూ పడి బజారంతా తెలుస్తుంది. తెలియనీ. దాచుకుని బతకడం ఇంక తన వల్ల కాదు.

వచ్చిందెవరంటే, సాక్షాత్తూ తిరుపాలమ్మే. కూతురు సరళ కోసం కొన్న నేవీ బ్లూ చీర సంచీలో పెట్టుకుని వచ్చింది. నాగరత్నమ్మ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి చెప్పేసింది.

"తిరుపాలమ్మా, ఆ పొద్దు నీకు నేనిచ్చింది నల్లగుడ్డ. కంటికి పొర వచ్చి తెలీక ఇచ్చినా. తప్పు నాదే. మార్చి ఇస్తా."

తిరుపాలమ్మ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. ఆశ్చర్యమేమీ పడలేదు.

"నల్లదని ఇంటికి పోతానే తెలిసిపాయ రత్నమ్మక్కా. మా ఆయన గూడా అన్న్యాడు. నువ్వు ఇచ్చినావంటే ఏందో లెక్క ఉంటాదిలే అని కుట్టిచ్చుకున్న్యా. వేసుకుంటే ఊరంతా ఆపి అడిగినారు. ఇప్పుడు మా ఊర్లో నీలం చీరకు నీలం రవిక ఎవురూ వేసుకోరు." సంచీలోంచి సరళ చీర తీసి బల్ల మీద పెట్టింది. "దీనికీ అదే ఇయ్యి. మ్యాచింగంటే నువ్వు ఇచ్చిందే కదక్కా."

నాగరత్నమ్మ చీరను దగ్గరికి లాక్కుంది. కంట్లో నీళ్ళు పెట్టుకోవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఆ మాట ఎవరికి గుర్తుంది! లేచి నల్ల అరలోంచి ఒక్క గుడ్డ లాగింది. చీరనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మం దాటి ఎండలో నిలబడి, కొత్తకంటితో చూసింది. నీలం నీలంగా ఉంది, నలుపు నల్లగా ఉంది, రెండూ ఒకదాని పక్కన ఒకటి నిజంగానే బాగున్నాయి. పైటచెంగుతో కన్ను ఒత్తుకుంటూ లోపలికి వచ్చి, కత్తెర తీసుకుని గుడ్డ కత్తిరించింది.